మారిషస్‌లో ఆరు నెలలు ఉండబోతున్నాను: అక్కడి మనుషులు, రోజువారీ బతుకు ఎలా ఉంటాయి?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయురాలు, హన్మకొండ

అందరికీ నమస్కారం. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మా చిన్నబ్బాయి రెండేళ్లుగా మారిషస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలికి ఫిబ్రవరిలో కాన్పు కావలసి ఉంది. మా వియ్యపురాలికి ఈమధ్యనే మోకాళ్ల ఆపరేషన్ అయినందువల్ల ఆమె ప్రయాణం చేయలేరు కాబట్టి, నేనే జనవరి రెండో వారంలో బయలుదేరి జూలై మొదటి దాకా ఉండి రావాలని నిశ్చయించుకున్నాము.

టికెట్లు చేసిపెట్టిన ఏజెంటు, "అక్కడ సగం మంది తెలుగువాళ్లే మేడం, హన్మకొండ చౌరస్తాలో నిలబడ్డట్టే ఉంటుంది" అని భరోసా ఇచ్చాడు. మా అబ్బాయేమో ఈ రెండేళ్లలో అంగడిలోగాని బస్సులోగాని ఒక్క తెలుగు మాట చెవిన పడలేదంటున్నాడు. అయితే ఉగాదికి అక్కడ దేశమంతటికీ ప్రభుత్వ సెలవు ఉంటుందని ఆ అబ్బాయే చెబుతున్నాడు. వినపడని భాషకు పండుగ సెలవు ఎందుకిచ్చారో, ఈ రెండు సంగతులూ ఎలా పొసగుతాయో నాకు బోధపడలేదు.

పటం చూసి చెప్పగలిగినవన్నీ పిల్లలకు చెప్పినదాన్నే గనుక అక్షాంశాలు, రేఖాంశాలు నాకు అక్కరలేదు. పొద్దున లేస్తే అక్కడి మనుషులు ఏమి తింటారు, ఏమని పలకరించుకుంటారు, కూరగాయలు ఎట్లా కొంటారు, అరవై దాటిన ఆడమనిషి ఒంటరిగా బయటికి వెళ్లి రాగలదా అనే విషయాలు అక్కడ ఉండి వచ్చినవారు చెప్పగలరని అడుగుతున్నాను. వీలైతే, వెంట ఏమి తీసుకుపోవాలో కూడా తెలుపగలరు.

జవాబు 1: కరీమాబాద్ నూలుమనిషి, వరంగల్

అమ్మా, నమస్కారం. మా నాన్న ఆజంజాహి మిల్లులో పనిచేశారు. ఆ మిల్లు మూతపడిన తరువాత నేను బట్టల నాణ్యత పరీక్షించే పని నేర్చుకొని, ఆ పని మీదనే మారిషస్ వెళ్లి ఏడేళ్లు ఉన్నాను. ఏజెంటు మాట నమ్మవద్దు, మీ అబ్బాయి చెప్పిందే నిజం. ఆ దేశపు జనాభాలో మూడింట రెండు వంతుల మంది భారతీయ మూలాలవారే అయినా, వారిలో ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతం నుంచి వెళ్లినవారి సంతతి. తెలుగువారు కొద్దిమందే, వారు కూడా ఇంట్లో మాట్లాడేది క్రియోల్ భాషనే. పార్లమెంటు ఇంగ్లీషులో నడుస్తుంది, పత్రికలు ఫ్రెంచిలో వస్తాయి, చేపలమ్మే ఆమె నుంచి డాక్టరు దాకా ఒకరితో ఒకరు నవ్వుకునేది, తిట్టుకునేది మాత్రం క్రియోల్‌లో. ఫ్రెంచి దొరల చెరకు తోటల్లో బానిసలుగా మగ్గిన ఆఫ్రికా, మడగాస్కర్ మనుషుల నోట పుట్టిన భాష అది. నాలుగు మాటలు పట్టుకుంటే మీకు ఇల్లు గడుస్తుంది. ఎదురుపడినప్పుడు "బోంజూర్", బాగున్నారా అనడానికి "కి మన్యేర్", ధర అడగడానికి "కొమ్యే", కృతజ్ఞతకు "మెర్సీ". విడిపోయేటప్పుడు హిందువులూ క్రైస్తవులూ కూడా "సలామ్" అనే అంటారు. మొదటి వారం నాకు పాతబస్తీలో ఉన్నానేమో అనిపించేది. దుకాణంలో అడుగుపెడుతూనే బోంజూర్ అనకుండా సరుకు అడిగితే అక్కడ మొరటుతనం కింద లెక్క. ఈ ఒక్కటి మరువకండి.

తిండి సంగతి కొంచెం విడమరచి చెబుతాను. రోడ్డు పక్కన స్కూటరు వెనుక అద్దాల పెట్టె కట్టుకొని ఒక మనిషి నిలబడి ఉంటాడు. పెట్టెలో గుడ్డ కప్పిన పల్చటి రొట్టెల దొంతర ఉంటుంది. దాన్ని దాల్ పూరి అంటారు గాని అది నూనెలో వేయించే పూరి కాదు. పప్పు ఉడికించి, మెత్తగా పొడి చేసి, పిండి ముద్దలో కూరి వత్తి పెనం మీద కాల్చినది. బెల్లం లేని పోలె, అంటే బొబ్బట్టు, అనుకోండి. ఎప్పుడూ జంటగానే ఇస్తాడు. ఒకదాని మీద ఒకటి పరచి, పెద్ద చిక్కుడుగింజల కూర ఒక గరిటె, టమాటా కూర ఒక గరిటె, కొత్తిమీర పచ్చడి, ఆపైన "పిమా?" అని అడుగుతాడు. అంటే మిరపకాయ కావాలా అని. మన వరంగల్ మిర్చి తిన్న నాలుక గదా అని మొదటిరోజు ధీమాగా తల ఊపాను, వాళ్ల మిరప చిన్నదే అయినా కళ్లనీళ్లు పెట్టించింది. కాగితంలో చుట్టి చేతికిస్తే బస్సు కోసం ఎదురుచూస్తూనే నిలబడి తినేస్తారు. అట్లాగే "గాతో పిమా" అని ఒకటి ఉంది, అక్షరాలా చూస్తే మిరప కేకు అని అర్థం, తీరా చూస్తే మన పప్పు గారె. దాన్ని వెన్న రాసిన బ్రెడ్డు మధ్య పెట్టుకొని పొద్దున చాయ్‌తో తింటారు. మన పప్పు, ఫ్రెంచివాడి రొట్టె, ఇంగ్లీషువాడి చాయ్ ఒకే ప్లేటులో కనిపిస్తాయి.

కూరగాయల సంతలో మీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆకుకూరలన్నిటినీ "బ్రెద్" అంటారు. మునగాకు పేరు "బ్రెద్ మురుం", కరివేపాకు "కారిపులే", కొత్తిమీర "కోతోమిలి", బీరకాయ "పిపంగాయ్". తమిళ కూలీల నోటి మాటలు ఫ్రెంచి గొంతులో పడి ఇట్లా మిగిలాయి. బెండకాయ మాత్రం "లాలో", వంకాయ "బ్రెంజెల్". ఫ్లాక్ అనే ఊరిలో ఆదివారం పెద్ద సంత జరుగుతుంది, ఒకసారి చూసి రండి. వరి అక్కడ పండదు, బియ్యమంతా దిగుమతే. పొలమంటే చెరకే, కనుచూపు మేర చెరకే.

ఒంటరిగా తిరగడానికి భయమేమీ లేదు. ద్వీపం మొత్తం 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏడో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఎటు పోయినా రెండు గంటల్లో సముద్రం అడ్డం వస్తుంది. బస్సులో కండక్టరు ఉంటాడు, పిలిచి టికెట్టు ఇస్తాడు. అక్కడి వృద్ధులకు, విద్యార్థులకు 2005 నుంచి బస్సు ప్రయాణం ఉచితం. మన మహాలక్ష్మి పథకానికి అలవాటుపడి ఆధార్ కార్డు తీయకండి, మీకు టికెట్టు తప్పదు. రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పిప్ దాకా మెట్రో రైలు కూడా నడుస్తున్నది. అయితే సాయంత్రం చీకటి పడితే బస్సులు పలచబడతాయి, ఊళ్లు తొందరగా సద్దుమణుగుతాయి. రాత్రి పదింటికి కూడా హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగే మనకు అది మొదట్లో దిగులు పుట్టిస్తుంది.

మీరు వెళ్తున్నది తుఫాన్ల కాలం, అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండాకాలమూ అదే, తుఫాన్ల కాలమూ అదే. హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు తరగతులుగా ఇస్తారు. రెండో తరగతికే బడులు మూసేస్తారు, మూడు ప్రకటించారంటే అందరూ ఇళ్లు చేరాలి, నాలుగంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంతో గాలి వచ్చి పడిందని అర్థం. 1960లో అలిక్స్, కరోల్ అనే రెండు తుఫాన్లు వరుసగా వచ్చి రేకుల ఇళ్లనూ కొయ్య ఇళ్లనూ ఊడ్చిపెట్టాక, జనం కాంక్రీటు స్లాబు ఇళ్లకు మళ్లారు. అందుకే మీకక్కడి వీధులు మన కాలనీల్లాగే కనబడతాయి. హెచ్చరిక రాగానే మా పక్కింటి ముసలమ్మ ముందుగా చేసే పని బకెట్లలో నీళ్లు పట్టడం, తరువాత బ్రెడ్డు, కొవ్వొత్తులు, చేపల డబ్బాలు తెచ్చిపెట్టుకోవడం. ఆ తరువాత రేడియో పెట్టుకొని తాపీగా కూర్చునేది. నేనే గది గదికీ తిరుగుతూ కిటికీలు చూసుకునేవాణ్ణి. పసిబిడ్డ ఉండే ఇల్లు కాబట్టి మంచినీళ్ల విషయం ముందే చూసుకోండి.

జవాబు 2: చరిత్ర పరిశోధక విద్యార్థి, నర్సంపేట

అన్నగారు భోజన, ప్రయాణ విషయాలు చక్కగా చెప్పారు. మేడంగారి అసలు చిక్కుముడి, అంటే వినపడని భాషకు పండుగ ఎందుకున్నదనే ప్రశ్న మిగిలిపోయింది కనుక అది నేను అందుకుంటాను. ఈ విషయం మీద చదువుతూ ఒకసారి మూడు వారాలు అక్కడికి వెళ్లివచ్చాను.

1834 నుంచి 1920ల దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు గిరిమిట్ కూలీలుగా, అంటే కొన్నేళ్ల ఒప్పందం మీద పనిచేసే కూలీలుగా, ఆ ద్వీపంలో దిగారు. బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దు కావడంతో తోటల యజమానులకు చౌక కూలీలు కావలసివచ్చారు. వారు దిగిన రేవు పోర్ట్ లూయిస్‌లో ఇప్పటికీ ఉంది, ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. పదహారు రాతి మెట్లు, కొన్ని పాత గదుల మిగులు, అంతే. పెద్ద కట్టడమేదో చూడబోతే ఏమీ ఉండదు గాని, ఆ మెట్ల ముందు నిలబడితే కాసేపు నోట మాట రాదు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ కూలీల దస్తరాలు భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీది మచ్చలు, కొందరికి ఫొటోలు కూడా ఉన్నాయి.

తెలుగువారు ఎక్కువగా వెళ్లింది కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి. అందువల్లనే అక్కడ తెలుగువారికి చాలాకాలం కోరంగీలనే పేరుండేది. ఆ రేవు 1839 తుఫానుకు తీవ్రంగా దెబ్బతిన్నది. వీరు ప్రధానంగా ఉత్తర కోస్తా మనుషులు. మన ప్రాంతం అప్పుడు నిజాము ఏలుబడిలో ఉండేది గనుక, ఇంగ్లీషువారి మద్రాసు ప్రెసిడెన్సీ రేవులలో జరిగిన ఈ కూలీల సేకరణ ప్రధానంగా మన ఊళ్లదాకా రాలేదు. వారు ఆడపిల్లను పలకరించినా, అమ్మవారిని కొలిచినా అది విశాఖ, శ్రీకాకుళం సీమల వాసనే. సింహాద్రి అప్పన్న పండుగ, అమ్మోరు పండుగ వారికి ముఖ్యమైనవి. అమ్మోరు అనగానే మనకు పోచమ్మ, బోనాలు గుర్తుకు వస్తాయి, మీరు వారి అమ్మోరు పండుగ చూస్తే కొత్తగా అనిపించదు.

భాష ఇంట్లోంచి పోయింది గాని పాటలోంచి పోలేదు. అదీ మీ ప్రశ్నకు నా జవాబు. అక్కడ రామభజన అని ఒక సంప్రదాయం ఉన్నది. మధ్యలో ఎత్తయిన దీపం వెలిగించి, తాళాలు పట్టుకొని, దీపం చుట్టూ తిరుగుతూ, అడుగులు వేస్తూ పాడతారు. మన పల్లెల్లో చిరుతల రామాయణం ఆడేవారి అడుగు ఎట్లా ఉంటుందో ఇంచుమించు అట్లాగే ఉంటుంది. నేను చూసిన రాత్రి పాడిన పెద్దాయనకు తెలుగు చదవడం రాదు. పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న నోటుపుస్తకం, అట్ట ఊడిపోయి, రబ్బరుబ్యాండు వేసి, ఆయన చేతిలో ఉంది. "రామా" అనే మాట దగ్గర గొంతులో ఏ తేడా లేదు గాని, "ళ" అక్షరం వచ్చిన చోటల్లా "ల" అయిపోయింది. పాట అయ్యాక నేను తెలుగులో మాట్లాడితే ఆయన నవ్వి, క్రియోల్‌లో ఏదో చెప్పి, నా చేయి పట్టుకొని భోజనానికి తీసుకుపోయారు. అరిటాకు వేసి అన్నం, ఏడు కూరలు వడ్డించారు. ఆ విందునే "సెత్ కారీ" అంటారు.

బడిలో మాత్రం తెలుగు ఉంది. ప్రాథమిక పాఠశాలల్లో హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, చైనీసు, అరబ్బీ వంటి భాషల్లో ఒకదాన్ని పిల్లలు ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. ఉగాది, వినాయక చవితి, మహాశివరాత్రి, దీపావళి, తమిళుల కావడి, చైనీయుల కొత్త సంవత్సరం, ఈద్, క్రిస్మస్ అన్నిటికీ సెలవులున్నాయి. నవంబరు 2న కూలీలు వచ్చిన రోజు, ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన రోజు కూడా సెలవులే. ఏజెంటు మాటకు మూలం బహుశా ఈ సెలవుల జాబితాయే అయి ఉంటుంది.

మీరున్నప్పుడే మహాశివరాత్రి వస్తుంది కాబట్టి ఒక మాట. గంగా తలావ్ అనే కొండ మీది సరస్సుకు దేశం నలుమూలల నుంచి లక్షలమంది తెల్లబట్టలతో, పూలతో అలంకరించిన కావళ్లు మోసుకుంటూ, రెండు మూడు రోజులు నడిచి వెళ్తారు. దారి పొడవునా వారికి నీళ్లు, పండ్లు, చాయ్ ఉచితంగా ఇస్తారు. మేడారం జాతరకు కాలినడకన పోయేవారిని చూసినవారికి ఆ దృశ్యం కొత్తది కాదు, రోడ్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి. బాలింత ఇంట్లో ఉండగా మీరు నడవలేకపోయినా, మీ ఊరి రోడ్డు మీద నిలబడి చూడండి.

జవాబు 3: రెండు దీవుల మనిషి, కోరుట్ల

పై ఇద్దరూ చెప్పినవి నిజమే గాని, ఒక పక్కే చెప్పారు. నేను బహ్రెయిన్‌లో నాలుగేళ్లు, మారిషస్‌లో రెండేళ్లు చేశాను. రెండూ దీవులే. మారిషస్‌లోని బట్టల కార్ఖానాల్లో బంగ్లాదేశ్, మడగాస్కర్, నేపాల్, మన దేశం నుంచి వచ్చిన కూలీలు వేలమంది ఉంటారు. మేము ఉండేది కార్ఖానా వారి హాస్టల్‌లో. నేను చేసిన చోట ఓవర్‌టైం లెక్క ఒప్పందంలో రాసినట్టు ఎన్నడూ రాలేదు, అడిగితే "లేబర్ ఆఫీసుకు పో" అనేవారు, సెలవు పెట్టి పోతే ఆ రోజు జీతం కోసేవారు. నాణ్యత పరీక్షించే అన్నకు అద్దె ఇల్లు, పక్కింటి ముసలమ్మ ఉంటారు. మిషను మీద కూర్చున్నవాడికి మంచం, పెట్టె ఉంటాయి. తల్లీ, మీకు దీనితో పని పడదు, కానీ చదివేవారిలో మా జగిత్యాల, సిరిసిల్ల పిల్లలు కూడా ఉంటారని రాస్తున్నాను. ఒప్పందం కాగితం మీకు అర్థమయ్యే భాషలో చదివించుకొని గాని సంతకం పెట్టకండి.

ఇంత చేదు చెప్పినా, ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా మనం పరదేశులమే. మారిషస్‌లో ఒకనాడు కూలీలుగా వచ్చినవారి బిడ్డలే దేశాన్ని ఏలారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మొదటి ప్రధానమంత్రి అయిన శివసాగర్ రామ్‌గులాం బిహార్ నుంచి వలస వచ్చిన మనిషి కొడుకు. ఆ దేశం వాళ్లు మా హాస్టల్ ముందు నుంచి పోతూ మావైపు చూసే చూపులో, తమ తాతల సంగతి గుర్తున్నవాళ్లు కొందరు, మరిచిపోయినవాళ్లు కొందరు కనబడేవారు.

ఆదివారం ఒక్కటే మాకు బాగుండేది. ఆ రోజు జనమంతా బిర్యానీ గిన్నెలు బస్సులో పెట్టుకొని సముద్రం ఒడ్డుకు వస్తారు, సరుగుడు చెట్ల నీడలో చాపలు పరుచుకుంటారు. సాయంత్రానికి ఎవరో ఒకరు రవాన్ తీస్తారు. మేకతోలు బిగించిన గుండ్రటి వాద్యం, చిన్న మంట వేసి తోలును కాచి, వేళ్లతో మీటి చూసి, మళ్లీ కాస్తారు. అచ్చం మన డప్పే! మా నాయిన డప్పు కాచేటప్పుడు ఇట్లాగే తల పక్కకు వంచి వినేవాడు. దాని మీద పాడి ఆడేదాన్ని సేగా అంటారు, బానిసల ఆట, 2014లో యునెస్కో జాబితాలో చేరింది. డప్పు తెలిసినవాడినని చెబితే నా చేతికి కూడా ఇచ్చారు. దరువు కలవలేదు, వాళ్లది వేరే నడక. అయినా నవ్వుకుంటూ రెండు ఆటలు ఆడనిచ్చారు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నర్సంపేట తమ్ముడు చెప్పిన నోటుపుస్తకం నా మనసులో నిలిచిపోయింది. ఉగాది రోజున దగ్గరలో ఎక్కడైనా రామభజన జరిగితే వెళ్లి, ఆ పెద్దవారు ఒప్పుకుంటే, వారి పాటలను తెలుగు లిపిలో రాసి ఇవ్వాలని అనుకుంటున్నాను. నా చేతిరాత ఇప్పటికీ బాగానే ఉంటుంది. కోరుట్ల తమ్ముడూ, మీ మాట నాకు పనికిరాదని అనుకోవద్దు, మా పాత విద్యార్థుల్లో ఇద్దరు అట్లాంటి ఒప్పందం మీదనే బయలుదేరుతున్నారని తెలిసింది, వారికి ఈ పేజీ చూపించాను.

ఇక నా సామాను సంగతి మిగిలింది. సకినాలు, మామిడికాయ తొక్కు, బాలింతకు పెట్టే కారప్పొడి, పసుపు కొమ్ములు సర్దుకున్నాను. పెరట్లో వేసుకోవడానికి తోటకూర, గోంగూర విత్తనాలు కూడా తీసుకుపోవచ్చునా? మా అబ్బాయి ఇల్లు కాత్ర్ బోర్న్‌లో. విమానం గురువారం పొద్దున దిగుతుంది.

జవాబు: కరీమాబాద్ నూలుమనిషి, వరంగల్

విత్తనాలు, మొక్కలు, పచ్చి పండ్లు ముందుగా అనుమతి లేకుండా తీసుకుపోకండి, విమానాశ్రయంలో ఆపేస్తారు. మునగాకు, తోటకూర సంతలో ఎట్లాగూ దొరుకుతాయి. సకినాలు, తొక్కు గట్టిగా సీలు వేయించి, అడిగితే దాచకుండా చెప్పండి. ప్లగ్గుకు మూడు చదరపు పిన్నులవి కావాలి, ఇక్కడే రెండు కొనుక్కోండి. కాత్ర్ బోర్న్ వర్షం ఎక్కువ పడే ఎత్తయిన ప్రాంతం కాబట్టి జూన్, జూలై నెలలకు ఒక స్వెట్టరు వేసుకోండి. వారికి అప్పుడే చలికాలం.

గురువారం దిగుతున్నారంటే ఒక సంగతి చెప్పాలి. కాత్ర్ బోర్న్‌లో గురువారం మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, అది అక్కడి పాత అలవాటు. పాలు, పెరుగు, ఉల్లిగడ్డలు పొద్దున్నే తెచ్చిపెట్టమని మీ అబ్బాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.